హిజామా మందా, ఆరాధనా?

హిజామా అంటే ఒంటి మీద కప్పులు బోర్లించి గాలి లాగే, కొన్నిసార్లు గాట్లు పెట్టి రక్తం తీసే చికిత్స. హైదరాబాద్ పాతబస్తీలోనూ టోలిచౌకిలోనూ హిజామా కేంద్రాలకు ఇస్లామీ చాంద్రమాసంలో 17, 19, 21 తేదీలు ప్రత్యేకం. చాలా కేంద్రాలు ఆ తేదీలను ముందుగానే ప్రకటిస్తాయి. వచ్చేవాళ్లు మాత్రం మామూలు నొప్పులవాళ్లే. మెషిన్ మీద వంగి వంగి మెడ పట్టేసిన దర్జీలు, నడుం పడిపోయిన డ్రైవర్లు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని గూడలు రాయిలా బిగుసుకుపోయిన ఉద్యోగులు. నొప్పికి తిథి ఉండదు. ఎనిమిదో తేదీన మెడ పట్టేసినా సరే, పదిహేడు దాకా పళ్లు బిగించి ఓర్చుకునేవాళ్లు ఉంటారు. మెడ నొప్పికి మందు వేసుకునేవాడు చంద్రుణ్ణి ఎందుకు చూస్తాడు?

ఆ తేదీలతో ఏ పట్టింపూ లేనివాళ్ల ఇళ్లలోకి కూడా ఈ కప్పులు వచ్చేశాయి. ఆన్‌లైన్‌లో కొన్న సిలికాన్ కప్పులు, చేతి పంపుతో గాలి లాగే ప్లాస్టిక్ కప్పులు ఇప్పుడు చాలా ఇళ్ల అల్మారాల్లో జండూబామ్ పక్కన కనబడతాయి. 2016లో రియో ఒలింపిక్స్ ఈతకొలనులో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు గుండ్రటి మచ్చలు చూశాక వాటి అమ్మకానికి వేరే ప్రచారం అక్కర్లేకపోయింది. ఒకే కప్పు ఒకరికి మందు, ఇంకొకరికి సున్నత్, అంటే ప్రవక్త ఆచరించి చూపిన పద్ధతి. మందైతే పనిచేస్తుందా లేదా అని అడిగి చూడొచ్చు. ఆరాధనైతే ఆ ప్రశ్నే పుట్టదు. నమాజు పనిచేసిందా అని ఎవరూ లెక్క చూడరు. రెండూ ఒకటే అనుకునేవాళ్ల దగ్గరే చిక్కు వస్తుంది. నొప్పి తగ్గకపోతే తప్పు కప్పుదా, విశ్వాసానిదా?

ప్రవక్త మాటలను, చేతలను నమోదు చేసిన హదీసు గ్రంథాల్లో హిజామా ప్రస్తావనలు తక్కువేమీ కాదు. స్వస్థత మూడింటిలో ఉందనీ, అవి తేనె, కప్పు వేసేవాడి గాటు, వాత అనీ ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు, అయితే వాత పెట్టడాన్ని తన సమాజానికి వద్దన్నట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన యాత్ర దీక్షలో ఉండగా ఒంటితలనొప్పికి తల మీద హిజామా చేయించుకున్న సంగతీ అందులోనే ఉంది. ఆయన భార్య ఉమ్మె సలమా అనుమతి అడిగితే అబూ తైబా అనే అతన్ని పంపించారట. అతను ఆమెకు పాలవరసలో సోదరుడైనా అయి ఉండాలి, ఇంకా యుక్తవయసు రాని పిల్లవాడైనా అయి ఉండాలి అని ఆ హదీసు చెప్పినవారు ఒక ముక్క కలిపారు. 17, 19, 21 తేదీల మాట వేరే సంకలనాల నుంచి, ముఖ్యంగా అబూ దావూద్, తిర్మిజీల నుంచి వచ్చింది. బుఖారీ మాత్రం ఏ వేళ చేయించుకోవాలి అన్న అధ్యాయం శీర్షికలోనే, ప్రవక్త సహచరుడు అబూ మూసా రాత్రిపూట చేయించుకున్నారు అని రాసి ఊరుకున్నాడు. వేళలు, తేదీలు అంటూ కంగారుపడేవాళ్లకు అది చాలినంత జవాబు.

తేదీల గురించి ఇంకో సంగతి. నెల మధ్యలో, చంద్రకాంతి నిండుగా ఉన్నప్పుడు దేహంలోని రసాలు పొంగుతాయని, కప్పులకు అదే అదను అని ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘ఖానూన్’లో చెప్పాడు. అది ప్రవక్త మాటను ఆధారం చేసుకుని చెప్పింది కాదు. హిపోక్రటీసు, గేలెన్‌ల నుంచి వచ్చిన గ్రీకు రసాల సిద్ధాంతం అది. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా తిబ్బీ కాలేజీలో నేర్పే యునానీ వైద్యం ఆ గ్రీకు చెట్టు కొమ్మే. అక్కడ హిజామా అనేది ‘ఇలాజ్ బిత్ తద్బీర్’ అనే చికిత్సా విభాగంలో ఒక పద్ధతి. ప్రవక్త వైద్యం, యునానీ వైద్యం వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే గదిలో సర్దుకున్నాయి. రోగికి ఆ తేడా ఎవరూ చెప్పరు, అతనూ అడగడు.

మన దేశానికి ఈ పని పరాయిదేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో రక్తం తీయడానికి కొమ్ము, జలగ, ఆనపకాయ బుర్ర అని మూడు సాధనాలున్నాయి. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి బుర్ర. బుర్ర లోపల దీపం వెలిగించి ఒంటికి పెట్టమంటాడు సుశ్రుతుడు. దీపం ఆరి, లోపలి గాలి చల్లబడి, చర్మం పైకి లాగబడుతుంది. ఇవాళ గాజు కప్పులో నిప్పు పెట్టేవాళ్లు చేసేదీ అదే. సుశ్రుతుడి గురువు దివోదాస ధన్వంతరి, ధన్వంతరి విష్ణువు అంశ. అయినా ఆనపబుర్ర పెట్టించుకోవడం పుణ్యమని ఏ తెలుగింట్లోనూ మొక్కుకోలేదు. దైవం చెప్పిన వైద్యం కూడా వైద్యంగానే మిగిలిపోయిన ఉదాహరణ అది. హిజామాకు అలా ఎందుకు జరగలేదు?

కొంతవరకు జరిగింది. ముస్లిం పండితుల్లోనే ఈ విషయం మీద రెండు దారులు స్పష్టంగా కనబడతాయి. డమాస్కస్‌కు చెందిన ఇబ్న్ ఖయ్యిమ్ అల్ జౌజియ్యా ప్రవక్త వైద్యం మీద విస్తారంగా రాశాడు. వైద్యులు చెప్పేది చాలావరకు ఊహ, ప్రయోగం. ప్రవక్త చెప్పింది దైవవాణి నుంచి వచ్చిన నిశ్చయం అన్నది ఆయన పక్షం. అది పనిచేయని చోట లోపం మందుది కాదు, పుచ్చుకున్నవాడి నమ్మకానిది అన్నాడు. ఆయన 1350లో కన్నుమూశాడు. సరిగ్గా 27 ఏళ్లకు, 1377లో, చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ‘ముఖద్దిమా’ రాస్తూ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. ఎడారి జాతుల్లో ముసలివాళ్లు, పెద్దమ్మలు అనుభవంతో చెప్పుకునే చిట్కా వైద్యం ఒకటుంది. ప్రవక్త పేరుతో వచ్చిన వైద్యం ఆ కోవదే. అది దైవవాణిలో భాగం కాదు. ఆయన వచ్చింది ధర్మం నేర్పడానికి, వైద్యం నేర్పడానికి కాదు. ఇదీ ఆయన వాదం. సాక్ష్యంగా ఖర్జూర చెట్ల కథ తెచ్చాడు. మదీనా రైతులు మగపూల పుప్పొడిని ఆడచెట్లకు అంటించడం చూసి, అలా చేయకపోయినా ఏమీ కాదేమో అన్నట్టు ప్రవక్త అంటే, వాళ్లు మానేశారు. ఆ ఏడు కాపు పాడైంది. మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసు అని ఆయన ఒప్పుకున్నారు.

ఇబ్న్ ఖల్దూన్ అక్కడితో ఆగి ఉంటే కథ సులువుగా తేలిపోయేది. కానీ ఆయన ఇంకో మాట కలిపాడు. శుభం కోరి, నిజమైన విశ్వాసంతో ఆ మందులు వాడేవాడికి గొప్ప మేలు జరగవచ్చు. అయితే అది రసాల వైద్యం వల్ల వచ్చిన మేలు కాదు, విశ్వాసపు ఫలితం. శతాబ్దాల తర్వాత ఆసుపత్రుల్లో ఉత్తుత్తి మందుతో పోల్చి చూసే పరీక్షలు పెట్టింది సరిగ్గా ఈ రెండింటినీ విడదీయడానికే. ఖల్దూన్‌కు ఆ పరీక్ష తెలియదు, ప్రశ్న మాత్రం తెలుసు.

ఈ వివాదంలో అందరికంటే పనికొచ్చే మాట వీళ్లిద్దరికంటే ముందే పుట్టింది. ఇమామ్ గజాలీ (1058–1111) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో తవక్కుల్ గురించి, అంటే దేవుడి మీద పూర్తిగా భారం వేయడం గురించి, ఒక అధ్యాయం రాశాడు. దేవుడి మీద భారం వేసినవాడు మందు తీసుకోవచ్చా అన్నది అందులో ఒక ప్రశ్న. హాని తప్పించే ఉపాయాలను ఆయన మూడు అరల్లో పెట్టాడు. దాహానికి నీళ్లు, ఆకలికి రొట్టె మొదటి అర: ఫలితం ఖాయం, వదిలేయడం భక్తి కాదు, ప్రాణం మీదికొస్తే పాపం కూడా. వాతలు పెట్టడం, మంత్రించడం మూడో అర: ఊహ మీద నడిచేవి, భారం దేవుడి మీద వేసినవాడు వాటి జోలికి పోకపోవడమే మేలు. నరం కోసి రక్తం తీయడం, హిజామా, విరేచనాల మందు, ఇంకా వైద్యులు చెప్పేవన్నీ మధ్య అర. అక్కడ ఫలితం ‘బహుశా’. చేయించుకుంటే విశ్వాసానికి లోటు లేదు, మానుకుంటే తప్పు లేదు.

ఎంత నిబ్బరమైన విభజన ఇది! ప్రవక్త స్వయంగా చేయించుకున్న చికిత్సను, హదీసులన్నీ ఎరిగిన మనిషి, నీళ్లూ రొట్టెల పక్కన పెట్టలేదు. విరేచనాల మందు పక్కన పెట్టాడు. ఇవాళ కొందరు ప్రచారకులు హిజామాను సర్వరోగ నివారిణిగా, చేయించుకోకపోతే ఏదో సున్నత్ చచ్చిపోతుందన్నట్టు చెబుతుంటే, సంప్రదాయంలోని పెద్ద గొంతుకల్లో ఒకటి తొమ్మిది వందల ఏళ్ల కిందటే దాన్ని ‘బహుశా’ అరలో పెట్టేసిందన్న సంగతి మరుగున పడిపోతోంది. ఈ వ్యాసం మొగ్గు గజాలీ వైపే.

గజాలీ తత్వశాస్త్రంలో ఇంకో ప్రసిద్ధ ఉదాహరణ కూడా ఈ కప్పు దగ్గరికే వస్తుంది. 1095లో ముగించిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో దూదికి నిప్పు తగిలితే దూది కాలుతుందనడంలో తార్కికమైన తప్పనిసరి ఏదీ లేదన్నాడు. నిప్పు తగలడం, దూది కాలడం పక్కపక్కన జరగడమే మనం చూస్తాం. కాల్చేది దేవుడు, నిప్పు కాదు. మరి రేపు నా ఇంట్లో పుస్తకం గుర్రమైపోతే ఎలా అని ఎదుటివాళ్లు ఎగతాళి చేస్తే, లోకం నడిచే అలవాటు తప్పదన్న ఎరుకను కూడా దేవుడే మనలో పెట్టాడన్నాడు. ఇప్పుడు నిప్పు కప్పు వేసే మనిషిని చూడండి: స్పిరిట్‌లో ముంచిన దూదిని వెలిగించి, గాజు కప్పులో తిప్పి, చటుక్కున వీపు మీద బోర్లిస్తాడు. కాల్చేది దేవుడే అని నమ్మినవాడు కూడా దూదిని రోగి జుట్టుకు దూరంగానే పట్టుకుంటాడు. ఇళ్లలో ఆ దూది జారి వీపు కాలిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. తెలియని చేతికి సిలికాన్ కప్పే నయం.

ఇక ‘బహుశా’ ఎంత పెద్దది? జర్మనీలో కొందరు పరిశోధకులు కప్పు కింద విశ్వాసాన్ని విడిగా తూచడానికి ఒక తెలివైన ఉపాయం పన్నారు. కప్పుకు కనబడనంత సన్నటి రంధ్రం పెట్టారు. వేసినప్పుడు చర్మం కాస్త లాగినట్టే ఉంటుంది, నిమిషాల్లో గాలి చొరబడి పట్టు సడలిపోతుంది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 141 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు కప్పులు, ఇంకో జట్టుకు రంధ్రం కప్పులు వేశారు, మూడో జట్టుకు మామూలు చికిత్స కొనసాగించారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. కప్పులు వేయించుకున్నవాళ్లకు మామూలు చికిత్స జట్టు కంటే నొప్పి తగ్గింది. కానీ అసలు కప్పుకూ ఉత్తుత్తి కప్పుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఖల్దూన్ నవ్వి ఉండేవాడు. అయితే తొందరపడకూడదు. ఒక వ్యాధి మీద ఒక పరీక్ష అన్ని నొప్పులకూ తీర్పు కాదు. రంధ్రం కప్పు కూడా పూర్తిగా ఉత్తుత్తిది కాదనే వాదం ఉంది: ఎవరో శ్రద్ధగా వీపు మీద చెయ్యి వేశారు, చర్మం కాసేపైనా లాగబడింది, రోగి కళ్లు మూసుకుని పడుకున్నాడు. అవన్నీ కలిసి నొప్పిని తగ్గించగలవు. ఆదరం కరవైన చోట కప్పు ఎలా ఉంటుందో జార్జ్ ఆర్వెల్ రాశాడు. 1929లో పారిస్‌లో పేదల వార్డులో చేరిన ఆయనకు వద్దన్నా వినకుండా, ఒక్క మాటైనా వివరించకుండా వీపు మీద కప్పులు వేసి రక్తం తీశారు. పద్ధతి అదే, సాధనం అదే. ఆయనకు మిగిలింది అసహ్యం, భయం. విశ్వాసం లేకుండా కప్పు పనిచేస్తుందా అని అడిగేవాళ్లు, ఆదరం లేకుండా పనిచేస్తుందా అని కూడా అడగాలి.

ఇంటి సంగతికి వస్తే సూటిగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది, అదీ జర్మనీదే, 2013లో అచ్చయింది. దీర్ఘకాలపు మెడ నొప్పి ఉన్న 61 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంట్లోవాళ్ల చేత కప్పు మసాజ్ చేయించుకోవడం నేర్పారు: వారానికి రెండుసార్లు, 10 నుంచి 15 నిమిషాలు. రెండో జట్టు కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే వ్యాయామం వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున తమంతట తామే చేసుకున్నారు. 12 వారాల తర్వాత రెండు జట్లకూ నొప్పి తగ్గింది, ఇంచుమించు సమానంగా. కప్పుల జట్టుకు కాస్త ఎక్కువగా దక్కింది రెండే: ఒళ్లు బాగుందన్న భావన, నొక్కితే నొప్పిని తట్టుకునే శక్తి. భర్త మెడకు భార్య, భార్య మెడకు భర్త వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున మూడు నెలలు చేయి వేస్తే ఒళ్లు బాగుందనిపించడంలో ఎంత వాటా కప్పుది? ఆ పరీక్ష దానికి జవాబు చెప్పదు.

మతం ముసుగులో వైద్యంలోకి చొరబడిన మాటల్లో అన్నిటికంటే హాని చేసేది ‘చెడు రక్తం’. గాట్లు పెట్టి కప్పు వేస్తే నల్లగా, గడ్డగా రక్తం వస్తుంది. అది ఒంట్లోని మలినమని చూపించి మరీ చెబుతారు. బయటికొచ్చిన రక్తం కప్పులో నిలిచి గడ్డకట్టడం దాని స్వభావం. ఒంట్లోని వ్యర్థాలను తీసేపని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. వీపు మీది అర అంగుళం చర్మానికి ఆ బాధ్యత లేదు. గాటు లేని పొడి కప్పు కింద వచ్చే ఊదా మచ్చ కూడా విషం కాదు. లాగుడుకు చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లితే వచ్చే కమిలిక అది, కొన్నాళ్లకు మాసిపోతుంది. మచ్చ ఎంత నల్లగా ఉంటే అంత విషం పోయినట్టు అనుకుని ఇంకో పది నిమిషాలు ఉంచేవాళ్లకు దక్కేది బొబ్బలే. పాపప్రక్షాళన అనే ఆత్మ సంబంధమైన ఊహను తీసుకొచ్చి రక్తానికి అంటగట్టడం వల్ల వచ్చిన తంటా ఇదంతా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి ఒంట్లోంచి నెలనెలా ‘చెడు’ రక్తం తీయడాన్ని ఏ ధర్మం పేరుతో సమర్థించగలరు?

ఇంట్లో ఎవరు చేయాలన్న ప్రశ్నకు హదీసు సంప్రదాయంలోనే గట్టి జవాబు ఉంది, ప్రచారంలో మాత్రం వినబడదు. వైద్యం తెలిసినవాడిగా పేరు లేకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడు అన్న అర్థంలో అబూ దావూద్, నసాయీ, ఇబ్న్ మాజా సంకలనాల్లో ఒక హదీసు ఉంది. దాని ఆధారంగా ధర్మవేత్తలు పరిహారం బాధ్యతను చర్చించారు. వీడియో చూసి బావమరిది వీపు మీద బ్లేడుతో గాట్లు పెట్టే కుర్రాడు సున్నత్‌ను బతికిస్తున్నానని అనుకోవచ్చు. ఆ సున్నత్ గ్రంథాలే అతన్ని బాధ్యుడిగా నిలబెడతాయి. గాట్ల హిజామా ఇంట్లో చేసే పని కాదు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి తగిలితే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ వంటివి అంటుకునే ప్రమాదం ఉంది. పొడి కప్పులకు కూడా హద్దులున్నాయి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పుండ్ల మీద, ఉబ్బిన నరాల మీద, మెడ ముందు భాగంలో అసలే వద్దు.

కప్పు వేసే మనిషి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అబూ తైబాకు ప్రవక్త కూలిగా ఆహారధాన్యం కొలిపించి, అతని యజమానులతో మాట్లాడి అతని మీద ఉన్న పన్ను తగ్గించారు. ఇంకో హదీసులో హిజామా సంపాదన మంచిది కాదన్నట్టు ఉంది. కూలి నిషిద్ధమైతే ప్రవక్త ఎలా ఇస్తారని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ దానికి సమాధానం చెప్పాడు. అబూ హింద్ అనే మరో హిజామా పనివాడికి పిల్లనివ్వండి, అతని పిల్లలను చేసుకోండి అని ప్రవక్త బనూ బయాజా తెగకు చెప్పినట్టు అబూ దావూద్‌లో ఉంది. అంత చెప్పాల్సి వచ్చిందంటే ఆ తెగలో ఆ పనివాడి స్థానం ఏమిటో తెలుస్తూనే ఉంది. తర్వాతి ధర్మశాస్త్రాలు కొన్ని పెళ్లి సంబంధాల్లో హిజామా పనివాణ్ణి, నేతగాణ్ణి తక్కువగానే లెక్కగట్టాయి. మన ఊళ్లలో గడ్డం గీసి, కురుపులు కోసి, కాన్పులు చేసిన మంగలి ఇంటివాళ్లకు అరుగు మీద ఎంత చోటు దక్కిందో తెలిసిన తెలుగు పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. చికిత్స పవిత్రమైంది, చేసిన చెయ్యి కాలేదు. హిజామాను ఆరాధన అనేవాళ్లు ఈ భాగాన్ని కూడా చదవాలి.

ఉపవాసం విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. కప్పు వేసినవాడు, వేయించుకున్నవాడు ఇద్దరి ఉపవాసమూ భంగమైందన్న హదీసును హంబలీ న్యాయ సంప్రదాయంవాళ్లు తీసుకున్నారు. మిగతా మూడు న్యాయ సంప్రదాయాలు ప్రవక్త ఉపవాసంలో ఉండగానే చేయించుకున్నారన్న ఉల్లేఖనాన్ని పట్టుకుని, భంగం కాదన్నాయి. ఉపవాసంలో ఉన్నవాడు హిజామా చేయించుకోవడాన్ని మీరు ఇష్టపడేవారు కారా అని ప్రవక్త సహచరుడు అనస్‌ను అడిగితే, లేదు, నీరసం వస్తుందనే భయం తప్ప అన్నట్టు చెప్పాడు. దేహం మీద ఒక కన్ను వేసి ఉంచిన జవాబు అది.

మానేయడం సంగతి మిగిలింది. మందుకు గడువు ఉంటుంది. జర్మన్లు 12 వారాలన్నారు, అప్పుడు కూర్చుని నొప్పి ఎంతుందో అడిగారు. ఆరాధనకు గడువు పెట్టరు. హిజామాను ఆరాధన చేసుకున్న రోగి తగ్గకపోయినా ఆపలేడు, ఆపితే తన విశ్వాసాన్నే ఆపినట్టు అనుకుంటాడు. గజాలీ ఆ బరువు దించేశాడు. వైద్యం మానుకున్న సత్పురుషుల గురించి కూడా ఆయన రాశాడు. జబ్బుపడిన మొదటి ఖలీఫా అబూబకర్‌ను వైద్యుణ్ణి పిలవమంటారా అని అడిగితే, వైద్యుడు చూశాడు, తాను తలచినదే చేస్తానన్నాడు అని దేవుణ్ణి ఉద్దేశించి జవాబిచ్చాడన్న ఉదంతం అందులోదే. వైద్యం చేయించుకోవడం తప్పనిసరి విధి కాదన్నది ధర్మవేత్తల్లో ఎక్కువమంది మాట. కాబట్టి ఇంట్లో కొన్ని వారాలు పొడి కప్పులు వేసుకుని, మెడ అలాగే ఉంటే కప్పులను డబ్బాలో పెట్టేసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినవాడు ఏ హదీసునూ ధిక్కరించినట్టు కాదు. చెయ్యి తిమ్మిరెక్కుతుంటే, పట్టు సడలుతుంటే, నొప్పితో పాటు జ్వరమో బరువు తగ్గడమో ఉంటే ఆ కొన్ని వారాలు కూడా ఆగకూడదు. పదిహేడో తేదీ దాకా అసలే ఆగకూడదు.